ఐదేళ్ళు దాటాయని ఫైలు అటక మీద పడెయ్యకండి

నమస్కారమండి. చాలామంది ఫైళ్ళు పట్టుకునే వచ్చారు, సంతోషం. ఇవాళ నేను చెప్పేదంతా ఒక రకంగా ఆ ఫైలు గురించే.

కిడ్నీలో గడ్డ అన్నారు, క్యాన్సర్ అన్నారు, కిడ్నీ మొత్తమో, గడ్డ ఉన్నంత మేరకో తీసేశారు. కుట్లు మానాయి, మనిషి కోలుకున్నాడు, మళ్ళీ పొలానికో ఆఫీసుకో వెళ్తున్నాడు. ఆపరేషన్‌కి ముందు ఎవరైనా కూర్చోబెట్టి అన్నీ చెప్తారు. అయ్యాక ఏం చెయ్యాలో మాత్రం డిశ్చార్జి రోజున ఆ బిల్లుల హడావుడిలో, మందుల కవరు చేతిలో పెట్టి, మూడు నెలలకి రండి అని ఒక్క ముక్క చెప్పి పంపిస్తారు. మూడు నెలలకి వస్తారు, ఏడాదికి వస్తారు, ఆ తర్వాత బాగానే ఉన్నాను కదా, ఊరికే బస్సు ఛార్జీలు, స్కానింగ్ ఖర్చులు ఎందుకని మానేస్తారు. ఎందుకు రావాలో విడమరిచి చెప్పకపోతే ఎవరైనా మానేస్తారు. అందుకే ఈ మాటలు.

ఐదేళ్ళు దాటితే క్యాన్సర్ పోయినట్టే అని మనవాళ్ళలో ఒక మాట ఉంది. కొన్ని క్యాన్సర్ల విషయంలో అది చాలావరకు నిజం. కిడ్నీ క్యాన్సర్‌లో అలా గీత గీసి చెప్పలేం. కిడ్నీ దాటి ఎక్కడికీ పాకలేదని చూసుకుని ఆపరేషన్ చేసినవాళ్ళలో సుమారు 20 నుంచి 30 శాతం మందికి తర్వాత ఎప్పుడో ఒకప్పుడు తిరగబెడుతుంది. తిరగబెట్టేవాళ్ళలో ఎక్కువమందికి మొదటి మూడేళ్ళలోనే బయటపడుతుంది. కానీ కొంతమందికి ఐదేళ్ళు దాటాక వస్తుంది, ఇంకొంతమందికి పదేళ్ళు దాటాక వస్తుంది, 20 ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళ గురించి కూడా వైద్య పత్రికల్లో రాశారు. వాళ్ళు తక్కువమందే. తక్కువమందే కాబట్టి మనకి రాదులే అనుకోవడం వేరు, తక్కువే అయినా ఒక కన్నేసి ఉంచడం వేరు. మీరు రెండోది చెయ్యాలన్నదే నా తాపత్రయం.

భయపెడుతున్నానని అనుకోకండి. మెజారిటీ మందికి మళ్ళీ రాదు. ఆ మెజారిటీలో మీరున్నారో లేదో అంచనా వెయ్యడానికి ఒక కాగితం ఉంటుంది, దాని గురించి చెప్తాను.

బయాప్సీ రిపోర్టు అని మీరంతా అంటారు కదా, ఆపరేషన్‌లో తీసిన ముక్కని ల్యాబులో కోసి చూసి ఇచ్చిన రిపోర్టు, అది. డిశ్చార్జి అయ్యాక వారం పది రోజులకి వస్తుంది. చాలా ఇళ్ళల్లో ఈ కాగితమే ఉండదు. స్కాన్ ఫిల్ములు ఉంటాయి, మందుల చీటీలు ఉంటాయి, ఇది మాత్రం ఎవరూ తెచ్చుకోరు. ఇక్కడ ముందు కూర్చున్న పెద్దాయన తన రిపోర్టు చదవచ్చని ఇచ్చారు, పేరు చెప్పకుండా చదువుతాను. 'క్లియర్ సెల్ రీనల్ సెల్ కార్సినోమా. గడ్డ సైజు 6.5 సెంటీమీటర్లు. గ్రేడ్ 3. నెక్రోసిస్ ఉంది. కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వులోకి పాకింది. మార్జిన్లలో గడ్డ లేదు. పీటీ3ఏ.' ఇంతే, ఏడు ముక్కలు. ఒక్కోటీ చూద్దాం.

క్లియర్ సెల్ అంటే రకం. కిడ్నీ క్యాన్సర్లలో నూటికి 70, 75 ఇదే. పాపిల్లరీ, క్రోమోఫోబ్ అని మిగతావి ఉన్నాయి, వాటి నడవడిక వేరు. 6.5 సెంటీమీటర్లంటే సైజు. నాలుగు లోపు, నాలుగు నుంచి ఏడు, ఏడు దాటితే అని మెట్లు ఉంటాయి. సైజు ఒక్కటే చూస్తే ఈయనది మొదటి స్టేజీలోనే ఉండాలి. కానీ గడ్డ కిడ్నీ గీత దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వెళ్ళింది కాబట్టి టీ3ఏ, అంటే మూడో స్టేజీ అయింది. గ్రేడ్ అంటే కణాలు మైక్రోస్కోపు కింద ఎంత వికారంగా ఉన్నాయి అన్న లెక్క, ఒకటి నుంచి నాలుగు దాకా. చాలామంది గ్రేడ్‌ని, స్టేజిని కలిపేసి, నాది మూడో స్టేజీ అంట డాక్టరుగారూ అని ఏడుస్తూ వస్తారు, తీరా చూస్తే స్టేజీ ఒకటి, గ్రేడ్ మూడు. నెక్రోసిస్ అంటే గడ్డలో కొంత భాగం చచ్చిపోయి ఉండటం. వినడానికి మంచిదేమో అనిపిస్తుంది కానీ, గడ్డ తన రక్తం సరఫరాని మించి వేగంగా పెరిగిందని దానర్థం. మార్జిన్లలో గడ్డ లేదు అంటే కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు కనపడలేదు. ఇది మంచి మాట.

వీటన్నిటినీ కలిపి అంకె వేసే పద్ధతులు ఉన్నాయి. 2003లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి వచ్చిన లీబోవిచ్ స్కోరు క్లియర్ సెల్ రకానికి బాగా వాడతారు. దాని ప్రకారం ఈయనకి టీ3 కాబట్టి నాలుగు, లింఫ్ గ్రంథులకి పాకిందని రిపోర్టులో లేదు కాబట్టి సున్నా, పది సెంటీమీటర్ల లోపు కాబట్టి సున్నా, గ్రేడ్ 3కి ఒకటి, నెక్రోసిస్‌కి ఒకటి. మొత్తం ఆరు. సున్నా నుంచి రెండు దాకా తక్కువ రిస్కు, మూడు నుంచి ఐదు మధ్యస్థం, ఆరు, ఆపైన ఎక్కువ రిస్కు. అంటే ఈయన ఎక్కువ రిస్కు గుంపులో ఉన్నారు. ఈ సంగతి ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి స్కాన్లు ఎంత తరచుగా చెయ్యాలో, ఎన్నాళ్ళు చెయ్యాలో ఆయన డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. మూడు సెంటీమీటర్ల గడ్డ, గ్రేడ్ 1 ఉన్న ఆవిడకి ఇదే పద్ధతి పెడితే అనవసరంగా డబ్బు, రేడియేషన్, టెన్షన్. అందరికీ ఒకే క్యాలెండర్ ఉండదు.

(సభలోంచి: మాకు కీమో ఇవ్వలేదు సార్, సరిగా ట్రీట్‌మెంట్ జరగలేదేమో అని మా బావగారు అంటున్నారు.)

ఇది ప్రతిచోటా అడుగుతారు. రొమ్ము క్యాన్సర్‌కో, పేగు క్యాన్సర్‌కో కీమో ఇచ్చారు, మనకెందుకు ఇవ్వలేదు అని. మామూలు కీమో మందులు కిడ్నీ క్యాన్సర్ మీద దాదాపు పని చెయ్యవు. కాబట్టి ఇవ్వకపోవడమే సరైన పని. ఎక్కువ రిస్కు ఉన్నవాళ్ళకి మాత్రం ఇప్పుడు ఇమ్యూనోథెరపీ, అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం, అనే దారి ఒకటి తెరుచుకుంది. పెంబ్రోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు ఇస్తారు. 994 మంది మీద చేసిన ట్రయల్‌లో, నాలుగేళ్ళకి ఆ మందు తీసుకున్నవాళ్ళలో 91.2 శాతం, తీసుకోనివాళ్ళలో 86 శాతం బతికి ఉన్నారు. తేడా ఉంది, అంత పెద్దది కాదు, ఖర్చు లక్షల్లో ఉంటుంది, థైరాయిడ్ లాంటి గ్రంథులు దెబ్బతినే సైడ్ ఎఫెక్టులు ఉంటాయి. ఎవరికి ఇవ్వాలి అన్నది ఆ బయాప్సీ రిపోర్టు చూసే తేలుస్తారు. పైగా దీన్ని ఆపరేషన్ అయిన మూడు నెలల లోపు మొదలుపెడతారు, ఏళ్ళు గడిచాక అడిగితే లాభం లేదు.

ఇక స్కాన్ల సంగతి. కిడ్నీ క్యాన్సర్‌కి, ప్రోస్టేట్‌కి పీఎస్ఏ ఉన్నట్టు, రక్తం తీసి చెప్పే పరీక్ష మన చేతిలో ఏదీ లేదు. చాలామంది 'క్యాన్సర్ టెస్టు' అని ప్యాకేజీల్లో డబ్బులు పోసి నాలుగైదు మార్కర్లు చేయించుకుని, అన్నీ నార్మల్ అని ధైర్యంగా ఉంటారు. ఆ కాగితం దీనికి పనికిరాదు. చూడాల్సింది స్కాన్‌లోనే. తిరగబెట్టినప్పుడు ఎక్కువగా కనపడేది ఊపిరితిత్తుల్లో, తర్వాత ఎముకలు, లింఫ్ గ్రంథులు, లివర్, కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథి, మెదడు, మిగిలిన కిడ్నీ. కడుపు అల్ట్రాసౌండ్ ఒక్కటి చేయించుకుని అంతా బాగుంది అనుకుంటే ఊపిరితిత్తులు ఎవరు చూశారు? ఛాతీ ఎక్స్‌రేలో చిన్న చిన్న గడ్డలు కనపడవు. రిస్కు తక్కువ ఉన్నవాళ్ళకి అల్ట్రాసౌండ్, ఎక్స్‌రేలతో కొంతవరకు సరిపెట్టవచ్చు, రిస్కు ఉన్నవాళ్ళకి ఛాతీ, కడుపు సీటీనే. మొదటి రెండు మూడేళ్ళు ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ళ దాకా ఏడాదికోసారి, అక్కడి నుంచి రిస్కు ఎక్కువ ఉన్నవాళ్ళకి రెండేళ్ళకోసారి. ఇది స్థూలంగా, అటూ ఇటూ మీ డాక్టరు మారుస్తారు. ఇంకో మాట, పెట్ స్కాన్ అంటే పెద్ద పరీక్ష, అందులో అన్నీ తెలుస్తాయి అనుకుంటారు. మామూలు పెట్ స్కాన్‌లో ఈ క్యాన్సర్ ఒక్కోసారి సరిగా వెలగదు. అప్పు చేసి మరీ పరిగెత్తి చేయించుకోవాల్సిన అవసరం లేదు.

ఆలస్యంగా తిరగబెట్టేటప్పుడు ఇది ఎంచుకునే చోట్లు విచిత్రంగా ఉంటాయి. పాంక్రియాస్, అంటే క్లోమం, ఇందులో ముఖ్యమైనది. వేరేచోటి క్యాన్సర్ క్లోమానికి పాకడం అరుదు, అలా పాకిన వాటిలో చాలావరకు కిడ్నీ నుంచి వచ్చినవే, అదీ తరచుగా పదేళ్ళ తర్వాత. ఒక కేసు చెప్తాను. ఆవిడకి పన్నెండేళ్ళ కిందట ఎడమ కిడ్నీ తీశారు. గ్యాస్ నొప్పి అని వేరే ఊళ్ళో స్కానింగుకి వెళ్తే క్లోమంలో గడ్డ ఉందన్నారు. పాంక్రియాస్ క్యాన్సర్ అన్న మాట వినగానే ఇల్లంతా ఏడుపులు, కొడుకు దుబాయ్ నుంచి టికెట్ తీసుకుని వచ్చేశాడు. ఆ స్కానింగ్ దగ్గర చీటీలో కిడ్నీ ఆపరేషన్ సంగతి ఎవరూ రాయలేదు. ఆవిడ కూడా చెప్పలేదు, అది ఎప్పటి మాటో కదా, దీనికీ దానికీ సంబంధమేమిటి అనుకుంది. రంగు మందు ఎక్కించి తీసిన సీటీలో మొదటి విడత ఫొటోలు, మేం ఆర్టీరియల్ ఫేజ్ అంటాం, అందులో ఆ గడ్డ తెల్లగా ధగధగా మెరుస్తోంది. మామూలు పాంక్రియాస్ క్యాన్సర్ అలా మెరవదు, చుట్టుపక్కల కంటే నల్లగా ఉంటుంది. మెరిసేవి రెండు, క్లోమంలోనే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డ, కిడ్నీ నుంచి వచ్చిన గడ్డ. పాత ఆపరేషన్ సంగతి తెలిశాక సూది పరీక్ష చేసి, పాత బయాప్సీతో పోల్చి చూస్తే కిడ్నీదే. పాంక్రియాస్ క్యాన్సర్ అయితే కుటుంబం ఎదుర్కోవాల్సింది ఒకటి, ఇదైతే పూర్తిగా వేరు. గడ్డ నిదానంగా పెరుగుతుంది, వైద్యం ఉంటుంది, ఏళ్ళు బతకచ్చు. ఆ ఒక్క వాక్యం, నాకు ఫలానా సంవత్సరంలో క్యాన్సర్‌కి కిడ్నీ తీశారు అన్నది, ముందే చెప్పి ఉంటే ఆ ఇంట్లో అన్ని రోజుల ఏడుపు ఉండేది కాదు.

అందుకని చెప్తున్నాను, థైరాయిడ్ గడ్డకి వెళ్ళినా, నడుం నొప్పికి వెళ్ళినా, ముక్కులోంచి పదే పదే రక్తం వస్తోందని ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళినా, మొదటి వాక్యం అదే కావాలి. ఇరవై ఏళ్ళయినా సరే. థైరాయిడ్‌కీ, చర్మానికీ, ముక్కుకీ కూడా ఇది పాకిన సందర్భాలు ఉన్నాయి.

అన్నేళ్ళు ఎక్కడ దాక్కుంటుంది అని అడుగుతారు. ఆపరేషన్ రోజుకే కొన్ని కణాలు రక్తంలో బయల్దేరి వేరేచోట చేరి ఉండవచ్చు, ఏ స్కానూ పట్టలేనంత చిన్నవి. శరీరం వాటిని అదుపులో పెడుతుంది, లేదా అవి పెరగడానికి కావలసిన రక్తనాళాలు దొరకవు. నివురు గప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి ఉండిపోయి, ఎప్పుడో ఆ అదుపు తప్పినప్పుడు పెరగడం మొదలుపెడతాయి. క్లియర్ సెల్ రకంలో వీహెచ్‌ఎల్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది చాలావరకు. అది చెడితే కణానికి ఆక్సిజన్ అందడం లేదన్న తప్పుడు సంకేతం వెళ్ళి, కొత్త రక్తనాళాలు పుట్టించుకునే పని ఆగకుండా సాగుతుంది. కణాలు ఆక్సిజన్‌ని ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఈ రోజు వాడుతున్న మాత్రలు, సునిటినిబ్, పజోపనిబ్, కాబోజాంటినిబ్ లాంటివి, ప్రధానంగా ఆ రక్తనాళాల దారినే మూసేవి.

ఆలస్యంగా రావడంలో ఒక మంచి కూడా ఉంది, ఇది మనసులో గట్టిగా పెట్టుకోండి. ఈ జబ్బు పాకినవాళ్ళ భవిష్యత్తు అంచనా వెయ్యడానికి డాక్టర్లు చూసే ఆరు అంశాల్లో ఒకటి, మొదటిసారి జబ్బు బయటపడ్డాక మందులు మొదలుపెట్టాల్సి రావడానికి ఎంత కాలం పట్టింది అన్నది. ఏడాది లోపే అయితే అది చెడు లక్షణం. పదేళ్ళ తర్వాత వచ్చిందంటే ఆ జబ్బు నెమ్మదైనదని అదే చెప్తోంది. ఒకటి రెండు చోట్లే ఉంటే కోసి తీసెయ్యచ్చు, తీయలేని చోటైతే గురిపెట్టి ఎక్కువ మోతాదు రేడియేషన్ ఇవ్వచ్చు, కొందరికి వెంటనే ఏమీ చెయ్యకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండటమే మంచిది. 1930లలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో బార్నీ, చర్చిల్ అనే సర్జన్లు ఒక పేషెంటుకి కిడ్నీతో పాటు ఊపిరితిత్తికి పాకిన గడ్డ కూడా తీసేశారు. 1939లో ఆ సంగతి వైద్య పత్రికలో రాశారు. ఆ మనిషి తర్వాత 23 ఏళ్ళు బతికి, చివరికి గుండె జబ్బుతో పోయారు, క్యాన్సర్‌తో కాదు. ఈ మందులేవీ లేని రోజుల్లో. పాకింది అంటే అంతా అయిపోయింది అనుకునే వాళ్ళకి నేను ముందుగా ఈ కథే చెప్తాను.

(సభలోంచి ఒక మహిళ: మా నాన్నగారికి 82 ఏళ్ళండి, గుండెకి స్టెంట్లు వేశారు. ఆపరేషన్ అయి ఆరేళ్ళయింది. ఇంకా స్కాన్‌కి తీసుకెళ్ళాలా?)

మంచి ప్రశ్న అమ్మా. స్కాన్ ఎందుకు తీస్తాం? ఏదైనా కనపడితే ఏదైనా చెయ్యడానికి. ఆయనకి మళ్ళీ పెద్ద ఆపరేషన్ చేయించే పరిస్థితి లేకపోతే, ఆయనకీ ఇష్టం లేకపోతే, ఏటేటా రంగు మందు ఎక్కించి సీటీలు తీయడంలో అర్థం లేదు. గడ్డ ఎంత ప్రమాదమో, మనిషి వయసు, మిగతా జబ్బులు ఎంత ప్రమాదమో రెండూ తూచి చూడాలి. నాన్నగారిని అడగండి ముందు. ఆయన్ని గదిలో కూర్చోబెట్టి బయట మనం నిర్ణయాలు తీసుకోవడం మన ఇళ్ళల్లో మామూలైపోయింది, అది సరికాదు. బీపీ, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మాత్రం చూపిస్తూ ఉండండి. అవి మానకండి.

క్రియాటినిన్ మాట వచ్చింది కాబట్టి, మిగిలిన కిడ్నీ గురించి. ఒక కిడ్నీతో నూరేళ్ళు బతకచ్చు, దాన్ని కాపాడుకుంటే. మన ఊళ్ళల్లో దానికి పెద్ద శత్రువు నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం, మెడికల్ షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగడం, పసరు మందులు, భస్మాలు. ఆపరేషన్ అయినవాళ్ళు ఇవి ముట్టుకోవద్దు. నొప్పికి ఏం వాడచ్చో డాక్టర్ని అడిగి ఒక కాగితం మీద రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి. షుగరు, బీపీ అదుపులో ఉండాలి. ఏడాదికోసారైనా క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. క్రియాటినిన్ ఒక్కటే చూసి నార్మల్ అనుకోకండి, ల్యాబు వాళ్ళు పక్కనే, కిడ్నీ ఎంతమేరకు వడపోస్తోందో చెప్పే అంకె, ఈజీఎఫ్‌ఆర్ అని ఇస్తారు, అది 60 లోపు మూడు నెలలకి మించి ఉంటే కిడ్నీ డాక్టరుకి చూపించండి. సీటీకి వెళ్ళేటప్పుడు ఒకే కిడ్నీ ఉందని చెప్పండి, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పండి.

ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు ముందే అడిగారు, అక్కడి జబ్బు కూడా క్యాన్సరేనా అని. కాదు. శ్రీకాకుళం వైపు అంతమందిని పీడిస్తున్నది కిడ్నీ నెమ్మదిగా పని మానెయ్యడం, అది వేరే జబ్బు. కానీ ఆ ప్రాంతం వాళ్ళకి క్యాన్సర్‌కి ఒక కిడ్నీ తీసి ఉంటే, రెండోదాని మీద మిగతావాళ్ళ కంటే ఎక్కువ కన్ను ఉండాలి.

వంశపారంపర్యం గురించి కూడా క్లుప్తంగా. 46 ఏళ్ళ లోపు వచ్చినా, రెండు కిడ్నీల్లో వచ్చినా, ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినా, కంట్లోనో మెదడులోనో రక్తనాళాల గడ్డలు ఉన్నా జన్యు పరీక్ష గురించి అడగండి. అలాంటివాళ్ళకి రెండో కిడ్నీలో వచ్చేది పాతది తిరగబెట్టడం కాకుండా కొత్తగా పుట్టింది అయ్యే అవకాశం ఎక్కువ, వాళ్ళని చూసే పద్ధతి జీవితాంతం వేరుగా ఉంటుంది.

స్కాన్‌కి వెళ్ళే వారం రోజుల ముందు నుంచి నిద్ర పట్టదు, అన్నం సహించదు, ఇంట్లో అందరి మీదా చిరాకు పడతారు. ఎన్నేళ్ళయినా ఇది పోదని పేషెంట్లు చెప్తారు. అది బలహీనత కాదు, దాని గురించి మాట్లాడండి. రిపోర్టు ఫోనులో వచ్చాక గూగుల్‌లో ఒక్కో పదం వెతుక్కుంటూ రాత్రంతా కూర్చోకుండా, మర్నాడు డాక్టర్ని కలిసే టైము పెట్టుకునే స్కాన్‌కి వెళ్ళండి. చాలామందికి ఊపిరితిత్తుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల మచ్చలు ఉంటాయి, మన దేశంలో పాత టీబీ మచ్చలు మామూలే. పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తే మారలేదని తెలిసిపోతుంది. అందుకే పాత సీడీలు పారెయ్యద్దనేది.

స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య ఆగకుండా వచ్చే ఎముకల నొప్పి, ముఖ్యంగా రాత్రిపూట ఎక్కువయ్యేది, తగ్గని దగ్గు, కళ్ళెలో రక్తం, మూత్రంలో రక్తం, కొత్తగా మొదలైన తలనొప్పి, ఫిట్స్, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒంటి మీద ఎక్కడైనా కొత్తగా గడ్డ, వీటికి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఇక ఫైలు. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ల సీడీలు, నాలుగూ ఉండాలి. రిపోర్టు పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆస్పత్రి రికార్డు సెక్షన్‌లో ఐపీ నంబరు చెప్పి కాపీ అడగండి. ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవాళ్ళు అప్పటి కేసు కాగితాలు, కార్డు నంబరు తీసుకుని అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి. ఏళ్ళు గడిచేకొద్దీ దొరకడం కష్టమవుతుంది కాబట్టి ఈ నెలలోనే ఆ పని చెయ్యండి. అన్నీ ఫొటోలు తీసి పిల్లల ఫోన్లలో కూడా ఉంచండి, అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపితే ఇంకా మంచిది, ఇక్కడ ఫోను పోయినా అక్కడ ఉంటాయి. రిపోర్టు తెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు పక్క హాల్లోకి రండి, ఒక్కొక్కరిదీ తీసి సైజు, గ్రేడ్, స్టేజీ మీ చేతే మొదటి పేజీ మీద రాయిస్తాను.